తెల్లవారుజామున సైకిల్ మీద వెళ్తుంటే ఎలుగుబంటి ఎదురైంది. ఆ దారి మానుకోవాలా?

పర్లాకిమిడి_మాస్టారు
నాకు యాభై రెండేళ్ళు. చక్కెర వ్యాధి ఉందని తేలినప్పటి నుంచి, అంటే నాలుగేళ్ళుగా, తెల్లవారుజామున సైకిల్ తొక్కుతున్నాను. వారంలో ఆరు రోజులు మా ఊరు, ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టూ తిరుగుతాను. ఆదివారం మాత్రం గండాహాతి జలపాతం దారి పడతాను. ఆ ఒక్క ఆదివారం కోసమే మిగతా ఆరు రోజులూ తొక్కుతానేమో అనిపిస్తుంది, అంత ఇష్టం నాకు ఆ దారి.

మొన్న ఆదివారం నాలుగున్నరకే బయలుదేరాను. జీడితోటలు మొదలయ్యే చోట రోడ్డు కొంచెం పల్లానికి దిగుతుంది. అక్కడ ఎప్పుడూ పెడల్ తొక్కడం ఆపేసి సైకిల్‌ను దాని మానాన వదిలేస్తాను. చెవుల్లో గాలి తప్ప ఇంకో చప్పుడు ఉండదు. మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యలో నల్లగా ఏదో మూట కనిపించింది. ఎవరి గోనెసంచో జారిపడిందనుకున్నాను. దగ్గరికి వచ్చేసరికి ఆ మూట లేచి రెండు కాళ్ళ మీద నిలబడింది.

రెండు బ్రేకులూ ఒక్కసారే పట్టేశాను. వెనక చక్రం పక్కకి జారింది. ఆగేసరికి మా మధ్య పదిహేను అడుగులు ఉంటాయేమో. దాని రొమ్ము మీద తెల్లటి గుర్తు స్పష్టంగా కనిపించింది. ముక్కు పైకెత్తి గాలిని లాగుతోంది. కొలిమి తిత్తిలా ఆ శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పుడు పక్క పొదలో నుంచి రెండు పిల్లలు వచ్చి దాని కాళ్ళ దగ్గర చేరాయి. నా చేతులు హ్యాండిల్‌కి అతుక్కుపోయాయి. "అమ్మా" అన్నట్టున్నాను. అది నాలుగు కాళ్ళ మీదికి దిగి, గట్టిగా ఒక అరుపు అరిచి, నా వైపు రెండడుగులు వేసి ఆగింది. పిల్లలు వీపు మీదికి ఎక్కేదాకా ఉండి తోటలోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ సైకిల్‌కి తాళం వేసి, తాళంచెవి ఎక్కడ దాచిందో చెప్పడం లేదు. ఇక్కడ అడవి అంచున తొక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరేం చేస్తారు? లైటు పెంచాలా, బెల్లు కొట్టాలా, అసలు ఆ దారే వదిలేయాలా?

వేకువ_చక్రం
చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి మాస్టారూ. క్షేమంగా వచ్చారు, అదే పదివేలు.

బరంపురం_బాబు
ఇది జీడిపండ్ల కాలం కదా. తోట కింద రాలిన పండ్లకి వచ్చి ఉంటుంది. మీ దారిలోకి అది రాలేదు, దాని భోజనం మధ్యలోకి మీరు వెళ్ళారు.

ఇప్పచెట్టు_నీడ
నేను రాయగడ వైపు అడవిశాఖలో గార్డుగా చేసి రిటైరయ్యాను. మాస్టారూ, మీరు రాసినదాంట్లో అసలు సంగతి ఒక్క వాక్యంలో ఉంది. "పెడల్ తొక్కడం ఆపేసి వదిలేస్తాను" అన్నారే, అదే.

ఎలుగుకి చూపు తక్కువ, వినికిడి అంతంత మాత్రం. దాని బతుకంతా ముక్కు మీదే. పుట్ట తవ్వుతున్నప్పుడు, చెదలను పీల్చుకుంటున్నప్పుడు అది చేసే చప్పుడే చాలా దూరం వినిపిస్తుంది. ఆ చప్పుడులో దానికి ఇంకేమీ వినపడదు. నడిచే మనిషి అడుగుల చప్పుడు చేస్తాడు, దగ్గుతాడు, చుట్ట వాసన వస్తుంది. మోటారు సైకిల్ అరమైలు ముందే చెప్పుకుంటూ వస్తుంది. మన సైకిల్ ఒక్కటే మోటారు బండంత వేగంగా, పిల్లి అంత నిశ్శబ్దంగా వస్తుంది. గాలి ఎదురుగా వీస్తుంటే మన వాసన కూడా వెనక్కే పోతుంది. ఇక దానికి తెలిసేదెప్పుడు? పదిహేను అడుగుల దగ్గర.

ఎలుగు మనిషిని తినడానికి మీద పడదు. ఉలిక్కిపడి మీద పడుతుంది. మీరు చూసిన తల్లి లేచి నిలబడింది కోపంతో కాదు, మీరేమిటో వాసన పట్టడానికి. ఆ రెండడుగులు "పక్కకి పో" అని చెప్పడం. మీరు కదలకుండా ఉన్నారు కాబట్టి బతికారు. సైకిల్ తిప్పి పారిపోదామని చూస్తే పడిపోయి ఉండేవారు.

దారి వదలనక్కర్లేదు. నిశ్శబ్దాన్ని వదలండి.

బరంపురం_బాబు
బెల్లు కొడుతూ పోవాలా అయితే? పన్నెండు కిలోమీటర్లు బొటనవేలితో ఎవరు కొడతారు?

జయపురం_ఘాట్
నేను చిన్న స్పీకరు ముందు బుట్టలో పెట్టుకుని పాటలు వేసుకుంటూ వెళ్తాను. జయపురం నుంచి కొరాపుట్ ఎక్కేటప్పుడు ఘాట్ మొత్తం నాకు అదే తోడు. ఇంతవరకు ఏదీ ఎదురు పడలేదు.

నాగావళి_గట్టు
ఎదురు పడకపోవడానికి కారణం పాటలా, ఆ రోడ్డు మీద రాత్రంతా తిరిగే లారీలా? అడవి దారిలో పాటలు పెట్టుకు తిరిగేవాళ్ళంటే నాకు కోపం. జంతువు సంగతి అలా ఉంచండి, ఆ కొండల్లో మనుషులు నిద్రపోతుంటారు.

ఇప్పచెట్టు_నీడ
పాటతో ఇంకో చిక్కుంది. జంతువుకి మీరు వినపడతారు, మీకు జంతువు వినపడదు. పుట్ట తవ్వే శబ్దం, వెదురు విరిగే శబ్దం, కొండముచ్చు కేక, ఇవి మనకి ముందస్తు కబుర్లు. వాటిని పాట కింద పాతేయకూడదు.

వేకువ_చక్రం
అయ్యో, నేను రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను.

గుణుపురం_నర్సమ్మ
తమ్ముడూ, ఈ రోజే తీసేయి. అడవి దారైనా, ఊరి దారైనా. వెనక నుంచి వచ్చే లారీ కూడా వినపడదు నీకు.

ఎలుగు దెబ్బలు తగిలినవాళ్ళని నేను వార్డులో చూశాను. వర్ణించను. దాని గోళ్ళు పుట్టలు తవ్వడానికి పుట్టినవి, పొడుగ్గా గడ్డపారల్లా ఉంటాయి. ఎక్కువగా తల, ముఖం, చేతులు దెబ్బతింటాయి. అందుకే మీద పడిందంటే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక ముడుచుకుని, ముఖం నేలకి ఆనించి కదలకుండా ఉండమంటారు. హెల్మెట్ ఉంటే ప్రాణం నిలబడే అవకాశం పెరుగుతుంది. చెట్టెక్కితే తప్పించుకోవచ్చు అనుకునేవాళ్ళకి ఒక మాట: తేనె కోసం మనకంటే బాగా చెట్టెక్కేది అదే.

చిన్న గీత పడినా తేలిగ్గా తీసుకోకండి. సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా, ధనుర్వాతం ఇంజెక్షన్ రెండూ కావాలి. లోతు గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇంకో మందు ఎక్కిస్తారు. అది అడిగి మరీ వేయించుకోండి.

పర్లాకిమిడి_మాస్టారు
హెల్మెట్ ఇంట్లో మేకుకి వేలాడుతోంది నర్సమ్మగారూ. ఊళ్ళో తొక్కే ఆరు రోజులు పెట్టుకుని, ఆదివారం గాలి తగలాలని తీసేసేవాడిని. తిరగబడ్డ లెక్క అని ఇప్పుడు తెలిసింది.

బల్లార్షా_రెండోషిఫ్టు
ఇదంతా చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. మీరు ఆదివారం సరదాగా వెళ్తారు, మానుకోవాలా వద్దా అని అడుగుతున్నారు. మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి ఇక్కడి బొగ్గు గనిలో పనికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళు సైకిల్ మీదే షిఫ్టుకి వెళ్ళాడు. రెండో షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి. మానుకోవడం అన్న మాట ఆయన దగ్గర లేదు. ఇప్పటికీ చంద్రపూర్ చుట్టుపక్కల కాంట్రాక్టు పనికి సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు వందల మంది ఉన్నారు.

మాది పులుల జిల్లా. తాడోబా 1955లో జాతీయ ఉద్యానం అయింది, 1995లో అంధారితో కలిపి పులుల అభయారణ్యం చేశారు. అక్కడ బాగా కాపాడారు, పులులు పెరిగాయి. పిల్ల పులి పెద్దదయ్యాక సొంత చోటు వెతుక్కుంటూ బయటికి రావాల్సిందే కదా. థర్మల్ విద్యుత్ కేంద్రం చుట్టూ సర్కారు తుమ్మ పొదలు అడవిలా పెరిగాయి. వాటిలో పులులు కాపురం పెట్టాయి. రోడ్డుకి ఒక పక్క పులి, ఇంకో పక్క కార్మికుల కాలనీ.

కాబట్టి గంటలు, పాటలు అన్నీ పులి దగ్గర పనికొస్తాయనుకోకండి. ఇక్కడ పశువుల మెడలో గంటలుంటాయి. వాటినీ పులి పట్టుకుపోతుంది.

ఇప్పచెట్టు_నీడ
బల్లార్షా తమ్ముడు చెప్పింది నిజం. నేను ఎలుగు గురించే చెప్పాను. ఒక్కో జంతువుకి ఒక్కో మర్యాద. పులి దగ్గర ఏం చేయాలో మీ నాన్నగారు ఏమనేవారో రాయండి.

బల్లార్షా_రెండోషిఫ్టు
ఆయన చెప్పినవి మూడే.

ఒంటరిగా తొక్కవద్దు. షిఫ్టు దిగినవాళ్ళు ఆరేడుగురు గేటు దగ్గర ఆగి, ఒకరి కోసం ఒకరు చూసి, కలిసి బయలుదేరేవాళ్ళు. పంక్చర్ అయితే అందరూ ఆగేవాళ్ళు.

రోడ్డు పక్కన కూర్చోవద్దు. మూత్రానికైనా, ఊడిన చైను వేయడానికైనా పొద దగ్గర వంగవద్దు. వంగిన మనిషి దానికి నాలుగు కాళ్ళ జంతువులా కనిపిస్తాడు. ఇప్పపూలు ఏరేవాళ్ళు, తునికాకు కోసేవాళ్ళు వేసవిలో ఎక్కువగా పులి బారిన పడటానికి ఇదీ ఒక కారణమని ఇక్కడ అందరూ అంటారు. చైను ఊడితే సైకిల్ ఎత్తి రోడ్డు మధ్యకి తెచ్చి, ఒకరు వేస్తుంటే మిగతావాళ్ళు చుట్టూ నిలబడేవాళ్ళు.

ఎదురైతే వీపు చూపించవద్దు. దిగి, సైకిల్‌ను మనకీ దానికీ మధ్య అడ్డంగా పెట్టి, నిటారుగా నిలబడి, గట్టిగా మాట్లాడుతూ వెనక్కి వెనక్కి నడవాలి. తొక్కుకుంటూ పారిపోయేదాన్ని తరమడం దానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ఆయన రెండుసార్లు చూశాడు. రెండోసారి అది రోడ్డు దాటేదాకా ఏడుగురూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారట. ఆ రాత్రి ఇంటికొచ్చి అమ్మతో ఏమీ చెప్పలేదు. పదేళ్ళ తర్వాత, రిటైరైన రోజున చెప్పాడు.

గుణుపురం_నర్సమ్మ
చివరి మాట దగ్గర ఆగిపోయాను. మీ అమ్మగారు ఏమన్నారు?

బల్లార్షా_రెండోషిఫ్టు
"నాకు తెలుసు" అంది. తోటివాళ్ళ భార్యలు ఎప్పుడో చెప్పేశారట.

సిరొంచ_ఒడ్డు
మా సిరొంచలో ఇంటి భాష తెలుగు, బడి భాష మరాఠీ, ఎదురుగా గోదావరి అవతల కాళేశ్వరం. మా వైపు కొత్తగా ఏనుగు వచ్చింది. గడ్చిరోలి జిల్లాలో కమలాపూర్ దగ్గర అడవిశాఖ పెంచే ఏనుగులు ఎప్పటి నుంచో ఉన్నాయి. అవి మావటి మాట వింటాయి. 2021లో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిన మంద మాత్రం అడవి ఏనుగులది. మా జిల్లా జనానికి పులి తెలుసు, ఎలుగు తెలుసు. అడవి ఏనుగుతో ఎలా మెలగాలో తాతల నుంచి వచ్చిన అనుభవం లేదు. 2024 ఏప్రిల్‌లో ఒక మగ ఏనుగు ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వెళ్ళి ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. పొలంలో పని చేసుకుంటున్నవాళ్ళు. నది దాటితే రాష్ట్రం మారుతుందని మనకి తెలుసు, దానికి అది ఈదదగిన నీళ్ళు మాత్రమే.

నేను అల్లాపల్లి వైపు టేకు అడవుల్లో తొక్కుతాను. ఏనుగు ఉందన్న కబురు వస్తే ఆ వారం సైకిల్ బయటికి తీయను. అంతే. అక్కడ ధైర్యం చూపించడానికి ఏమీ లేదు.

వేకువ_చక్రం
ఏనుగు అంత పెద్దది కదా, దూరం నుంచే కనపడదా?

వంశధార_కాశీనగరం
కనపడదు తమ్ముడూ. అదే దాని వింత. వెదురు గుబురు వెనక ఇరవై అడుగుల్లో నిలబడి ఉన్నా బూడిద రంగు నీడలో కలిసిపోతుంది. నాకు ముందు తెలిసింది వాసనతో.

మా గజపతి జిల్లాలో లఖారి లోయ ఉంది, ఏనుగుల అభయారణ్యం. అక్కడి నుంచి 2007లో ఒక మంద శ్రీకాకుళం జిల్లాలోకి దిగింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఏనుగంటే గుడి ఏనుగు, సర్కస్ ఏనుగు తప్ప చూడని ఊళ్ళు. చూడటానికి జనం బళ్ళు కట్టుకుని పోయారు. నేనూ సైకిల్ వేసుకుని పోయాను. చెరకు తోట గట్టు మీద రెండు వందల మంది కేకలు, ఈలలు. లోపల నుంచి చెరకు విరుగుతున్న చప్పుడు. ఒక్కసారిగా ఆ చప్పుడు ఆగింది. మా పెదనాన్న నా చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగి, "చప్పుడు ఆగిందంటే మన మాట వింటోందని అర్థం" అని రోడ్డు మీదికి ఈడ్చుకొచ్చాడు. కాసేపటికి జనం చెల్లాచెదురుగా పరిగెత్తారు. నా సైకిల్ గట్టు మీదే ఉండిపోయింది. మర్నాడు వెళ్ళి చూస్తే ముందు చక్రం అప్పడంలా మడిచి ఉంది.

కాబట్టి నా లెక్క ఇది: రోడ్డు మీద తాజా పేడ, విరిగిన వెదురు, తొక్కిన చెరకు కనపడిందంటే వచ్చిన దారినే వెనక్కి. దాటి పోదాం, ఒక్క నిమిషం పని అనుకోవద్దు. ఘాట్ ఎక్కేటప్పుడు మన వేగం గంటకి ఎనిమిది కిలోమీటర్లు. ఏనుగు తలుచుకుంటే అంతకి రెండింతలకి పైనే వస్తుంది.

జయపురం_ఘాట్
టపాకాయలు దగ్గర పెట్టుకుంటే? మా ఊరి కుర్రాళ్ళు కొందరు పెట్టుకుంటారు.

ఇప్పచెట్టు_నీడ
వద్దు బాబూ. ఎండాకాలం ఎండుటాకుల మధ్య ఒక టపాకాయ చాలు, కొండ తగలబడటానికి. వేసవిలో అడవి మంటలు ఆర్పడానికే నా సగం ఉద్యోగం పోయింది. పైగా పిల్లల తల్లి దగ్గర పేలిస్తే అది దూరం పోతుందో మీ మీదికి వస్తుందో మీకేం తెలుసు? మందని చెదరగొట్టే పని శిక్షణ ఉన్నవాళ్ళది.

ఇంకో సంగతి ఎవరూ రాయలేదు. తెల్లవారుజామున రోడ్డు దిగి పొలం గట్టెక్కవద్దు. అడవి పందుల కోసం కొందరు కంచెకి కరెంటు తీగ వేస్తారు. అది నేరం, అయినా వేస్తారు. ఆ తీగకి ఏనుగులు చచ్చాయి, పులులు చచ్చాయి, మనుషులూ చచ్చారు. జంతువుని తప్పించుకోవాలని పొలంలోకి సైకిల్ దించడం అంతకంటే ప్రమాదం.

బరంపురం_బాబు
మీరంతా పెద్ద జంతువుల గురించి చెప్తున్నారు. నిజంగా సైకిల్‌వాడికి శత్రువు వీధికుక్క. నన్ను నాలుగుసార్లు తరిమాయి, ఒకసారి పిక్క పట్టుకుంది.

నాగావళి_గట్టు
నిజం. రాయగడ బైపాస్ దగ్గర ఒక గోధుమ రంగు కుక్క ఉంది, నా చక్రం శబ్దం దానికి తెలుసు. మొదట్లో వేగం పెంచేదాన్ని. వేగం పెంచే కొద్దీ దానికి ఉత్సాహం పెరిగేది. ఇప్పుడు దిగి, సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని నడుస్తాను. నడిచేదాన్ని అది పట్టించుకోదు. పులికీ కుక్కకీ ఒకే సూత్రం పనిచేస్తుందని బల్లార్షా అన్న రాసింది చదివాక తెలిసింది.

గుణుపురం_నర్సమ్మ
బరంపురం బాబుగారూ, కరిచినప్పుడు టీకా పూర్తిగా వేయించుకున్నారా? మొదటి రోజు, తర్వాత మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిదో రోజులు. రెండు వేయించుకుని నొప్పి తగ్గిందని మానేసేవాళ్ళని రోజూ చూస్తాను.

బరంపురం_బాబు
మూడు వేయించుకున్నాను.

గుణుపురం_నర్సమ్మ
రేపే వెళ్ళి డాక్టరుకి చూపించి, ఏం చేయాలో అడగండి. ఈ చర్చలో మళ్ళీ రాసేముందు వెళ్ళండి.

సిరొంచ_ఒడ్డు
పాముల సంగతి కూడా. తొలకరి తర్వాత సాయంత్రాలు తారు రోడ్డు వెచ్చగా ఉంటుంది, పాములు వచ్చి పడుకుంటాయి. రక్తపింజర రోడ్డు మీద ఎండిన కొమ్మలా ఉంటుంది. నేను ఒకసారి ముందు చక్రం ఎక్కించేశాను. అది చక్రం చువ్వల వైపు కొట్టింది. బూట్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

గుణుపురం_నర్సమ్మ
చెప్పులతో తొక్కేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. కట్లపాము ఇంకా ప్రమాదం, కాటు పడినట్టే తెలియదు, నొప్పి ఉండదు. గంట తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. కాటు పడిందని అనుమానం వచ్చినా చాలు. గాయం కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. మంత్రం వేయించి వస్తామని వెళ్ళినవాళ్ళు మా దగ్గరికి వచ్చేసరికి గంటలు గడిచిపోతాయి. విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంది.

వేకువ_చక్రం
మాస్టారి ప్రశ్న పక్కకి పోతోంది. నా ఉద్దేశంలో తేలికైన దారి ఒకటుంది. ఆరు దాటాక బయలుదేరితే సగం గొడవ ఉండదు కదా?

నాగావళి_గట్టు
తమ్ముడూ, ఆ మాట అనడం మగవాళ్ళకి తేలిక.

నేను నాలుగున్నరకి ఎందుకు వెళ్తానో తెలుసా? ఆరున్నరకి టీ దుకాణాలు తెరుస్తారు. అప్పటి నుంచి రోడ్డు నాది కాదు. నలభై ఏళ్ళ ఆడది సైకిల్ తొక్కుతుంటే చూసే చూపులు, వెనక నుంచి మోటారు సైకిల్ తెచ్చి పక్కన నడిపేవాళ్ళు, బాగా తెలిసినవాళ్ళే ఆపి "ఇంట్లో పని లేదా" అనడం. చీకట్లో ఆ గంటన్నర నన్నెవరూ చూడరు. చిరుతని నేను ఒకసారి చూశాను, నియమగిరి వైపు వెళ్ళే దారిలో. కల్వర్టు గోడ మీద కూర్చుని ఉంది. నన్ను చూసింది, దిగి వెళ్ళిపోయింది. ఆ చూపు నన్ను బాధించలేదు.

జంతువుకి భయపడటం నాకు ఇష్టమే. ఆ భయంలో అవమానం లేదు. కాని వెలుగు వచ్చాక బయలుదేరమంటే నా సైకిల్‌ని మూలన పెట్టమని చెప్పినట్టే.

వేకువ_చక్రం
ఇలా ఆలోచించలేదక్కా. క్షమించండి. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇప్పచెట్టు_నీడ
అమ్మా, మీరు రాసింది నా భార్యకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. మీరు వెళ్ళడం ఆపవద్దు. ఒంటరిగా మాత్రం వెళ్ళవద్దు, నా ఉద్యోగంలో చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఒక్కరే ఉన్నప్పుడు జరిగినవి. ఇద్దరుంటే మాట్లాడుకుంటారు. మనిషి గొంతు కంటే మంచి గంట లేదు.

గుణుపురం_నర్సమ్మ
నాకు వారానికి రెండు రోజులు రాత్రి డ్యూటీ ఉండదు. సైకిల్ ఉంది, మా అమ్మాయికి బడిలో ఇచ్చినది, తను కాలేజీకి వెళ్ళాక నాదే అయింది. గుణుపురం నుంచి రాయగడ దూరమే. మధ్యలో ఎక్కడైనా కలుద్దామా?

నాగావళి_గట్టు
కలుద్దాం. వివరాలు వేరుగా పంపుతున్నాను.

బరంపురం_బాబు
ఆసుపత్రికి వెళ్ళి వచ్చాను నర్సమ్మగారూ. మిగిలిన సూదులు వేస్తామన్నారు.

ఇప్పుడు ఒక మంచి సంగతి చెప్తాను, భయాల మధ్య. అస్కా దాటి భేటనై, బలిపదర్ పక్కకి వెళ్తే పొలాల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. ఎవరూ కంచె వేయరు, ఎవరూ వేటాడరు. అవి ఉంటే వానలు బాగా పడతాయని అక్కడి రైతుల నమ్మకం. పంట తింటే తిననీ అంటారు. డిసెంబరులో పొద్దున్నే వెళ్ళాను. ఒక మగ జింక, మెలి తిరిగిన కొమ్ములతో, నాకు సమాంతరంగా పొలం గట్టు మీద గెంతుతూ వచ్చింది. అర కిలోమీటరు అలా వచ్చి ఉంటుంది. నేను తొక్కుతున్నాను, అది గెంతుతోంది. తర్వాత దానికి విసుగొచ్చి ఆగిపోయింది. నాకు మాత్రం నెల రోజులు విసుగు లేదు.

జయపురం_ఘాట్
రుషికుల్య నది మూపురం దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో కూడా వెళ్ళండి. లైట్లు లేకుండా, ఇసుక మీదికి సైకిల్ దించకుండా. గుడ్లు చక్రాల కింద పోతాయి.

వంశధార_కాశీనగరం
నది మూపురం కాదన్నా, ముఖద్వారం. మూపురం ఎద్దుకి.

జయపురం_ఘాట్
సరే సరే, ఒడియా బడిలో చదివినవాడిని, ఆ మాత్రం ఓర్చుకోండి. స్పీకరు కూడా ఇంట్లో పెట్టేశాను, నాగావళి అక్క మాట విన్నాక.

పర్లాకిమిడి_మాస్టారు
రెండు ఆదివారాలు గడిచాక రాస్తున్నాను.

మొదటి ఆదివారం సైకిల్ తీయలేదు. సాయంత్రం బస్సులో ఆ తోట దగ్గరికి వెళ్ళాను. మలుపు దగ్గర తోట కాపలాదారుడు కనిపించాడు. అక్కడే పాలు పోసే ఆయన కూడా ఉన్నాడు. కొండ మీది పల్లె నుంచి రోజూ తెల్లవారకముందే సైకిల్ మీద పాలు తెస్తాడు, పద్దెనిమిదేళ్ళుగా ఇదే దారి. "భాలు (ఎలుగు) ఎదురైందా ఎప్పుడైనా?" అని అడిగాను. పద్దెనిమిదేళ్ళలో మూడుసార్లు చూశాడట, మూడుసార్లూ దూరంగా వెళ్ళిపోతున్న దాని వీపు. ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన సైకిల్‌కి రెండు పక్కలా పాల క్యాన్లు, వాటి మూతలు. రాళ్ళ రోడ్డు మీద వస్తుంటే పెళ్ళి బాజాలా మోగుతాయి. ఇప్పచెట్టుగారు చెప్పిన మాటే ఆయన పాల క్యాన్లు చెప్పాయి.

కాపలాదారుడు ఇంకో సంగతి చెప్పాడు. పండ్లు రాలడం అయిపోయాక ఆ తల్లి పిల్లలతో కొండ ఎక్కిపోతుంది, మళ్ళీ వచ్చే ఏడాది దాకా ఇటు రాదు. రాత్రంతా రాలిన పండ్లు అది తెల్లవారేలోగా తింటుంది, పొద్దెక్కాక వీళ్ళు గింజలు ఏరుకుంటారు. "మాకు గింజ కావాలి, దానికి పండు కావాలి" అన్నాడు. తరమడం లేదు వాళ్ళు.

ఇంటికి వచ్చి ఇదంతా మా ఆవిడకి చెప్పాను. రాత్రి భోజనాల దగ్గర తాళంచెవి నా కంచం పక్కన పెట్టింది. మూడు షరతులు. హెల్మెట్ ఉండాలి, జీడిపండ్ల కాలం అయ్యేదాకా వెలుగు వచ్చాకే ఆ మలుపు దాటాలి, సైకిల్‌కి గంట కట్టాలి. గంట తనే ఇచ్చింది. తన పుట్టింటివారి ఆవుదట, దాని పేరు గౌరి. ఇన్నాళ్ళూ దేవుడి గదిలో దాచుకుంది.

నిన్న వెళ్ళాను. హ్యాండిల్ కింద గంట మోగుతుంటే మొదట సిగ్గుగా అనిపించింది, జీడితోటల దగ్గరికి వచ్చేసరికి అది లేకపోతే ఊపిరి ఆడదనిపించింది. పల్లంలో పెడల్ వదలలేదు. మలుపు దగ్గర దిగి నడిచాను. రోడ్డు అంచు దుమ్ములో దాని వెనక కాలి గుర్తు ఉంది. చిన్నపిల్లవాడి పాదంలాగే ఉంది, ముందు గోళ్ళ గాట్లు లేకపోతే. పక్కనే రెండు చిన్నవి. మడమ నుంచి వేలు దాకా కొలిచి చూశాను, నా జానెడు లేదు.

ఇప్పచెట్టు_నీడ
అంచుల్లో మట్టి రాలిందా, గట్టిగా నిలిచి ఉందా?

పర్లాకిమిడి_మాస్టారు
నిలిచి ఉందండీ. అంచులు పదునుగా ఉన్నాయి.

ఇప్పచెట్టు_నీడ
అయితే మీకంటే గంట ముందు వెళ్ళింది. వచ్చే ఆదివారం ఇంకో అరగంట ఆలస్యంగా బయలుదేరండి.

నాగావళి_గట్టు
మాస్టారూ, ఆ గంట ఇత్తడిదా, కంచుదా? మా ఇద్దరికీ రెండు కావాలి.

పర్లాకిమిడి_మాస్టారు
కంచుది. కాశీనగరం సంతలో దొరుకుతాయని మా ఆవిడ అంటోంది. వంశధారగారిని అడగండి.

వంశధార_కాశీనగరం
దొరుకుతాయి. నాలుగు తీసుకుని ఉంచుతాను. వేకువ_చక్రం తమ్ముడూ, నీకూ ఒకటి.